టిక్కు పెట్టిన కాగితం, జవాబు రాని కాగితం

మీరు అడిగిందేమిటో ముందు నాలుగు ముక్కల్లో చెప్తాను, చదివే మిగతావాళ్లకి కూడా తెలియాలి కదా. ఎంబీఏ ప్రాజెక్టు కోసం విశాఖలో మూడు ప్రభుత్వ సంస్థల్లో 120 మంది చేత ప్రశ్నపత్రాలు నింపించారు. జీతానికీ ఉద్యోగ భద్రతకీ మంచి మార్కులు పడ్డాయి. ప్రమోషన్లకి తక్కువ పడ్డాయి. "మొత్తం మీద ఉద్యోగంతో తృప్తిగా ఉన్నారా" అన్నచోట మాత్రం ఎక్కువమంది మధ్య గడిలో టిక్కు పెట్టి ఊరుకున్నారు. జీతం బాగుంది, భద్రత బాగుంది అన్నవాళ్లు ఆ చివరి ప్రశ్న దగ్గర ఎందుకు పెదవి విరిచారని మీ గైడు అడుగుతున్నారు. మీకు పాలుపోవడం లేదు.

నేను ఈ ఊళ్లోనే ఒక కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ పర్సనల్ డిపార్ట్‌మెంట్‌లో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ప్రతి వేసవిలోనూ కాలేజీ ఉత్తరాలు పట్టుకుని "ప్రాజెక్టు వర్కు మేడం" అంటూ వచ్చే పిల్లల కాగితాల మీద సంతకం పెట్టింది నేనే. కాబట్టి మీ ప్రశ్నపత్రం చూడకుండానే అందులో ఏముంటుందో చెప్పగలను. ఐదు గడులు. "పూర్తిగా అంగీకరిస్తాను" దగ్గర మొదలై "అస్సలు అంగీకరించను" దగ్గర ఆగుతుంది. ఆ ఫారాలు సెక్షన్ ఇన్‌ఛార్జి చేతికి వెళ్తాయి, ఆయన టీ టైములో పంచుతాడు, సాయంత్రం ఆయనే వసూలు చేస్తాడు. పై అధికారి చేతికి వెళ్లే కాగితం మీద పై అధికారి గురించి ఎవరు నిజం రాస్తారు? ఒకసారి క్యాంటీన్‌లో నా కళ్లతో చూశాను, ఒక సీనియర్ అసిస్టెంటు ఒక్కడే కూర్చుని ఆరు ఫారాలు నింపుతున్నాడు. అదేమిటండీ అంటే, "పాపం పిల్ల, పాసవ్వాలి కదా మేడం" అన్నాడు. అతని మంచితనానికి వంక పెట్టలేం గానీ, ఆ పిల్ల ప్రాజెక్టులో ఒకే మనిషి ఆరుగురిగా తృప్తిపడ్డాడు.

మీ 120లో అలాంటివి ఎన్ని ఉన్నాయో పక్కన పెడదాం. మీకు వచ్చిన ఫలితం మాత్రం నాకేమీ వింతగా లేదు. జీతమూ భద్రతా మనిషిని ప్రభుత్వోద్యోగంలోకి తెస్తాయి, బయటికి పోకుండా పట్టి ఉంచుతాయి. లోపల ఉన్న ముప్పై ఏళ్లూ అతను ఎలా ఉంటాడన్నది వేరే సంగతి. నేను చూసినంతలో అది రెండింటి మీద ఆధారపడుతుంది. తన లెక్క తనకి కనపడుతోందా, అంటే తనకి ఏది ఎందుకు వచ్చింది, ఏది ఎందుకు రాలేదు అన్నది. రెండోది, తన పని చివరికి ఏమవుతోందో కనపడుతోందా. పెద్ద సంస్థల్లో ఈ రెండూ ఫైళ్ల వెనక పడి కనపడకుండా పోతాయి. మీ ప్రశ్నపత్రంలో వీటికి గడి లేదు.

మీ సిలబస్‌లో హెర్జ్‌బర్గ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఉంటాడు. 1959లో అతనూ అతని తోటివాళ్లూ అమెరికాలోని పిట్స్‌బర్గ్ ప్రాంతంలో 203 మంది ఇంజనీర్లనీ అకౌంటెంట్లనీ అడిగి చెప్పింది ఇదే కదా: జీతం, పర్యవేక్షణ, కంపెనీ నిబంధనలు సరిగ్గా లేకపోతే అసంతృప్తి వస్తుంది, సరిగ్గా ఉన్నంత మాత్రాన తృప్తి రాదు. తృప్తినిచ్చేవి సాధించడం, గుర్తింపు, పనిలో ఉన్న సారం. దీని మీద విమర్శ కూడా మీకు తెలిసే ఉంటుంది. మంచి జరిగితే "నేను చేశాను" అనీ చెడు జరిగితే "వాళ్లు చేశారు" అనీ చెప్పుకోవడం మనిషి నైజం, ఆ పద్ధతిలో అడిగితే అలాంటి జవాబులే వస్తాయి. విమర్శ సబబే. కానీ మీ టేబుల్లో జీతం పైన ఉండి మొత్తం తృప్తి మధ్యలో ఆగిపోవడాన్ని గైడుకి వివరించడానికి ఇది మొదటి మెట్టుగా సరిపోతుంది. ఇంకో అంకె కూడా ఇవ్వండి. 2010లో జడ్జ్ అనే పరిశోధకుడూ మరికొందరూ అంతకుముందు జరిగిన అధ్యయనాలు కలిపి చూస్తే, జీతం ఎంత అన్నదానికీ ఉద్యోగ తృప్తికీ మధ్య సహసంబంధం 0.15 దగ్గర తేలింది (సున్నా అయితే సంబంధమే లేదని, ఒకటి అయితే పూర్తిగా ఉందని). అంటే ఉన్నా లేనట్టే.

మరి జీతం విషయంలో ఉద్యోగులు రోడ్డెక్కరా అంటారు. ఎక్కుతారు. 2022 ఫిబ్రవరి 3న విజయవాడ రోడ్లు నిండిపోయాయి. కానీ అక్కడ జరిగింది జాగ్రత్తగా చూడండి. రాష్ట్ర ఉద్యోగులకి అప్పటికే 27 శాతం మధ్యంతర భృతి వస్తోంది. కొత్త పీఆర్సీలో, అంటే వేతన సవరణలో, ఆ భృతి స్థానంలో 23 శాతం ఫిట్‌మెంట్ (మూలవేతనం మీద పెంపు) ఇచ్చారు. పాత మూలవేతనంతో పోలిస్తే అది పెంపే. ఉద్యోగి మాత్రం పాత మూలవేతనంతో పోల్చుకోడు, పోయిన నెల బ్యాంకులో పడిన దానితో పోల్చుకుంటాడు. అందుకే దానికి "రివర్స్ పీఆర్సీ" అని పేరు పెట్టారు. పెంచిన జీవోనే కోత జీవో అయి కూర్చుంది. జీతం ఎంత అన్న మీ ప్రశ్నకి ఆ నెలలో ఎవరైనా ఏం టిక్కు పెట్టి ఉండేవారో ఊహించుకోండి, ఆరు నెలల తరవాత అదే మనిషి ఏం పెట్టి ఉండేవాడో కూడా.

రెండో పోలిక పక్క కుర్చీతో. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ప్రభుత్వానిది, అక్కడివాళ్ల జీతాలు బహిరంగమే, ఒక వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. కార్డ్ అనే ఆర్థికవేత్తా అతని సహచరులూ కొంతమంది ఉద్యోగులకి "ఇలాంటి వెబ్‌సైట్ ఒకటుంది" అని మాత్రం చెప్పి వదిలేశారు, మిగతావాళ్లకి చెప్పలేదు. తరవాత అడిగి చూస్తే, తమ విభాగంలో సగటువాడి కంటే తక్కువ తీసుకుంటున్నవాళ్ల తృప్తి తగ్గింది. ఎక్కువ తీసుకుంటున్నవాళ్లకి మాత్రం సంతోషమేమీ పెరగలేదు. 2012లో అచ్చయిన ఈ ఫలితం చదివినప్పుడు నాకు మా క్రేన్ ఆపరేటర్ గుర్తొచ్చాడు.

అతని సంగతి కాస్త వివరంగా చెప్తాను. పెందుర్తి వైపు మనిషి. ఒకరోజు మా సెక్షన్‌కి వచ్చి, తన జూనియర్ కంటే తనకి మూలవేతనం నెలకి 340 రూపాయలు తక్కువగా ఉందని అర్జీ ఇచ్చాడు. ఇది మా ఎస్టాబ్లిష్‌మెంట్ వాళ్లకి పాత జబ్బే. సీనియర్‌కి వేతన సవరణకి ముందే ప్రమోషన్ వస్తుంది, పాత స్కేలు రేటులో ఒక ఇంక్రిమెంటు కలుస్తుంది. జూనియర్‌కి సవరణ తరవాత ప్రమోషన్ వస్తుంది, కొత్త స్కేలు రేటులో కలుస్తుంది. దాంతో వెనక వచ్చినవాడు ముందుకి పోతాడు. దీన్ని సరిచేయడానికి జూనియర్‌తో సమానంగా సీనియర్ జీతం పెంచే నిబంధన ఉంది. స్టెప్పింగ్ అప్ అంటాం. అయితే తేడా కేవలం ఆ ఫిక్సేషన్ వల్లే, అంటే ప్రమోషన్ దగ్గర జీతం ఖరారు చేసిన తీరు వల్లే వచ్చి ఉండాలి. వేరే కారణం ఉంటే వర్తించదు.

ఫైలు కదిలింది. మా దగ్గర్నించి ఫైనాన్స్‌కి, ఫైనాన్స్ కొర్రీ వేసి వెనక్కి, మళ్లీ పైకి, పైనుంచి "ఇద్దరి సర్వీసు రికార్డులూ జతచేసి పంపండి" అని మళ్లీ కిందికి. 22 నెలలు. అందులో నాలుగు నెలలు నా బల్ల మీదే, మెడికల్ బిల్లుల కట్ట కింద ఉండిపోయింది. ఆ మాట దాచను. అతను నెలకోసారి సీ షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ దిగి, నిద్రకళ్లతో వచ్చి గుమ్మం దగ్గర నిలబడేవాడు. "ఏటైందమ్మా" అనేవాడు. "చూస్తున్నారు" అనేదాన్ని. ఒకరోజు విసుగొచ్చి, 340 రూపాయల కోసం ఇన్నిసార్లు ఎందుకు తిరగడం అనేశాను. అతను కోప్పడలేదు. "మూడొందల నలభై నాకేటి ఎక్కువమ్మా? ఆడు నా దగ్గర పని నేర్సుకున్నోడు" అన్నాడు.

చివరికి వచ్చిన జవాబు, కుదరదని. జూనియర్ మధ్యలో ఒక సాంకేతిక పరీక్ష పాసై, దానికి అదనపు ఇంక్రిమెంటు తీసుకున్నాడు. తేడా అక్కడిది, ఫిక్సేషన్‌ది కాదు. మామూలుగా అయితే "మీ అభ్యర్థన పరిశీలించబడినది, అంగీకరించుటకు వీలుపడదు" అని ఒక లైను ఉత్తరం పంపేసి చేతులు దులుపుకుంటాం. ఆ నాలుగు నెలలు నన్ను గుచ్చుతుండబట్టి అతన్ని పిలిపించి కూర్చోబెట్టాను. ఇద్దరి జీతాలూ ఏడాదికేడాది పక్కపక్కన రాసి, ఎక్కడ విడిపోయాయో ఎర్ర సిరాతో గీత గీసి చూపించాను. చాలాసేపు చూశాడు. "పరీచ్చ పాసయ్యాడా ఆడు? నాకెవులూ సెప్పలేదే" అన్నాడు. తరవాత అన్నమాట నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ మర్చిపోలేదు. "ఇదేదో మొదటే సెప్పుంటే రెండేళ్లు ఆడితో మాటాడకుండా ఉండేవోణ్ణి కాదు గదమ్మా."

నాకు అప్పటిదాకా తెలియదు. ఒకే క్రేన్ మీద ఒకడు దిగితే ఒకడు ఎక్కేవాళ్లు, రెండేళ్లుగా మాటల్లేవు. బ్రేకు ఎలా పడుతోంది, తాడు ఎక్కడ అరిగింది అన్నవి లాగ్‌బుక్‌లో రెండు ముక్కలు రాసి దిగిపోయేవాళ్లట. 340 రూపాయల ఫైలులో ఈ ప్రమాదం ఎక్కడా రాసి లేదు. నేను అడిగి ఉంటే తెలిసేది. నా దగ్గర వేతన స్కేళ్ల పట్టిక ఉంది గానీ అడగాలన్న ఆలోచన లేదు.

అతనికి డబ్బు రాలేదు. అయినా ఆ రోజు నుంచి మా గుమ్మం దగ్గర నిలబడటం మానేశాడు. "కాదు" అన్న జవాబుని మనిషి భరిస్తాడు. జవాబే రాకపోవడాన్ని భరించలేడు, పైగా ఆ ఖాళీని తన ఊహలతో నింపుకుంటాడు: డబ్బులిచ్చుంటాడు, కులం చూసుంటారు, యూనియన్ లీడరు చెప్పుంటాడు. ఆ ఊహల్లో కొన్ని నిజం కూడా కావచ్చు, అది వేరే కథ.

ప్రమోషన్ల గడిలో మీకు తక్కువ మార్కులు వచ్చాయన్నారు. దాన్ని "ప్రమోషన్లు తక్కువ" అని రాసేయకండి. ప్రమోషన్లు నిజంగానే తక్కువ, పై పోస్టులు గోపురంలా సన్నబడుతూ పోతాయి, అది అందరికీ తెలుసు. రాష్ట్రంలో 6, 12, 18, 24, 30 ఏళ్ల దగ్గర ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కేళ్లు పెట్టింది అందుకే, కుర్చీ మారకపోయినా స్కేలు మారుతుందని. నేను చూసిన కడుపుమంట ప్రమోషన్ రానందుకు కాదు, ఎందుకు రాలేదో తెలియనందుకు. ఉద్యోగి పని గురించి పై అధికారి ఏటా రాసే వార్షిక రహస్య నివేదిక మేము చేరిన రోజుల్లో నిజంగానే రహస్యం. చెడ్డ వ్యాఖ్య ఉంటేనే ఉద్యోగికి చెప్పేవాళ్లు. "బాగుంది" అని రాస్తే చెప్పనక్కర్లేదు. కానీ ప్రమోషన్‌కి "చాలా బాగుంది" కావాలని నిబంధన ఉన్నచోట "బాగుంది" అన్నమాటే మనిషిని ముంచేస్తుంది. తనని ముంచింది ఏదో అతనికి ఎప్పటికీ తెలియదు. సరిగ్గా ఇలాంటి కేసులోనే, 2008లో దేవ్ దత్ తీర్పులో, ప్రతి వ్యాఖ్యనీ ఉద్యోగికి తెలియజేయాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తరవాత మా దగ్గరా గ్రేడు చూపించడం మొదలైంది. మొదటి రెండేళ్లూ అప్పీళ్లు వరదలా వచ్చాయి, అధికారులు గొణిగారు. తరవాత ఒక మార్పు గమనించాను. రాసే అధికారులు రాసేముందు మనిషిని పిలిచి మాట్లాడటం మొదలుపెట్టారు. తరవాత ఎలాగూ అడుగుతాడు కదా అని. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చినప్పుడు బయటి జనం మీద పడతారని భయపడ్డాం. మా సంస్థలో వచ్చిన దరఖాస్తుల్లో చాలావరకు మా ఉద్యోగులవే. సీనియారిటీ లిస్టు, డీపీసీ (ప్రమోషన్లు తేల్చే కమిటీ) మినిట్సు, తన మార్కులు, పక్కవాడి మార్కులు. పక్క గదిలో ఉన్న కాగితం కోసం పది రూపాయల ఫీజు కట్టి చట్టం కింద అడగాల్సి వచ్చిందంటే ఆ సంస్థలో తృప్తి సర్వే ఇంకా దేనికి?

పింఛను సంగతి మీ ప్రశ్నపత్రంలో ఉందో లేదో తెలియదు. లేకపోతే కనీసం చేరిన తేదీ అయినా అడిగి ఉండాలి. రాష్ట్ర ఉద్యోగుల్ని 2004 సెప్టెంబరు 1 ముందు, తరవాత అని రెండు గుంపులుగా విడదీసి చూడండి. కేంద్రంలో అదే గీత 2004 జనవరి 1. ఒకే స్టాఫ్ రూంలో, ఒకే సబ్జెక్టు చెప్పే ఇద్దరు టీచర్లలో ఒకరికి పాత పింఛను, ఇంకొకరికి సీపీఎస్, అంటే జీతంలోంచి వాటా కట్టే పింఛను. 2003 డీఎస్సీ వాళ్లదైతే మరీను, నోటిఫికేషన్ గీతకి ఇవతల, చేరింది గీతకి అవతల. రాష్ట్రంలో 2023లో జీపీఎస్ (హామీ పింఛను) చట్టం చేశారు, కేంద్రం 2025 ఏప్రిల్ నుంచి యూపీఎస్ (ఏకీకృత పింఛను) తెచ్చింది. ఆ పథకాల మంచిచెడ్డలు ఇక్కడ వద్దు. ఈ రెండు గుంపుల్నీ కలిపి సగటు తీస్తే మీకు మధ్య గడి తప్ప ఇంకేమీ దొరకదు. కాంట్రాక్టు కార్మికుల్ని కూడా అందులో కలిపేసి ఉంటే ఆ సగటుకి అర్థమే లేదు. ఒకే మెషీను దగ్గర, ఒకే నూనె మరకలతో, మూడో వంతు జీతానికి పనిచేసేవాడి తృప్తిని పర్మనెంటు మనిషి తృప్తితో కూడడమేమిటి? సమాన పనికి సమాన వేతనం తాత్కాలిక ఉద్యోగులకీ వర్తిస్తుందని 2016లో జగ్జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గేటు లోపలికి ఆ మాట ఎంతవరకు వచ్చిందో మీరే అడిగి తెలుసుకోండి.

ఇక రెండోది, పని చివరికి ఏమవుతోందో కనపడటం.

2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్. ఈ ఊరివాళ్లకి చెప్పక్కర్లేదు. చెట్టన్నది మిగల్లేదు, స్తంభాలు పుల్లల్లా విరిగిపోయాయి. మేము అప్పుడు మర్రిపాలెంలో ఉండేవాళ్లం. మా వీధికి కరెంటు రావడానికి వారం దాటింది. లైను వేయడానికి వచ్చినవాళ్లు ఈ జిల్లావాళ్లు కూడా కాదు, మాటలో గోదావరి యాస ఉంది. పొద్దున్న ఆరింటికి ఎక్కేవాళ్లు, పొద్దుపోయాక దిగేవాళ్లు. ఎదురింటావిడ ఉప్మా చేసి గిన్నెతో సహా స్తంభం దగ్గరికి పట్టుకెళ్లింది. రాత్రి ఏడున్నరకి వీధి ఒక్కసారిగా వెలిగింది, పిల్లలు కేకలు పెట్టారు, ఎవరో విజిలేశారు. స్తంభం మీదున్న పెద్దాయన వెంటనే దిగలేదు. బెల్టు మీద వెనక్కి వాలి, ఒక నిమిషం పాటు ఈ చివర్నించి ఆ చివరికి వీధి మొత్తం చూశాడు. దిగాక మంచినీళ్లు ఇస్తే తాగి, "మామూలప్పుడు పోతే తిడతారమ్మా, వస్తే ఎవరూ చూడరు" అన్నాడు.

అదే మనిషి, అదే జీతం, అంతకంటే ఎన్నో రెట్లు కష్టం, ఇంటికి దూరం, రాత్రిళ్లు ఏ స్కూలు వరండాలోనో పడక. ఆ వారం మీ ఫారం ఇస్తే ఏ గడిలో టిక్కు పెట్టేవాడంటారు? ప్రభుత్వోద్యోగికి ఇదొక విచిత్రమైన ఇబ్బంది. అతని పని సరిగ్గా జరిగితే కనపడదు. కుళాయి వస్తే ఎవరూ ఫోన్ చేయరు. ప్రైవేటులో అమ్మకాల లెక్క అయినా ఉంటుంది. ఇక్కడ ఒక గుమస్తా పాతికేళ్లు ఫైళ్లు పుట్ అప్ చేస్తాడు, ఒక్క ఫైలు చివర ఉన్న మనిషి ముఖం కూడా చూడడు.

నేను 11 ఏళ్లు మెడికల్ బిల్లులు చూశాను. ఎవరి కిడ్నీ, ఎవరి గర్భసంచి అన్నీ నెంబర్లే. ఆ క్రేన్ ఆపరేటర్ విషయం అయ్యాక మా సెక్షన్‌లో ఒక చిన్న పని మొదలుపెట్టాను. అర్జీ ఇచ్చిన ప్రతివాడికీ నెంబరు వేసిన చీటీ ఇవ్వడం, మంగళవారం మధ్యాహ్నం మూడు నుంచి ఐదు వరకు ఎవరైనా వచ్చి తన ఫైలు ఎవరి బల్ల మీద ఉందో అడిగితే చూసి చెప్పడం. అంతే. కొత్తగా అధికారాలేవీ ఇవ్వలేదు, ఖర్చు లేదు. మొదటి నెలలో ఫిర్యాదులు పెరిగాయి. పై అధికారి పిలిచి, లేని తలనొప్పి తెచ్చావన్నాడు. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు, నాలుగు నెలల పాటు అది తలనొప్పే. తరవాత తగ్గింది. నేను ఎదురుచూడని మార్పు మాత్రం అవతలి వైపు వచ్చింది, మా సెక్షన్ గుమస్తాల్లో. వాళ్ల బిల్లుకి ఒక ముఖం వచ్చింది. "ఆ ముసలాయన మంగళవారం వస్తాడు మేడం, ఇది ఈలోపు పంపేద్దాం" అనడం మొదలుపెట్టారు.

లండన్‌లో ప్రభుత్వోద్యోగుల మీద వైట్‌హాల్ అధ్యయనాలని జరిగాయి. మొదటిది 1967లో, రెండోది 1985లో మొదలయ్యాయి. అందరూ ఆఫీసు ఉద్యోగులే, అందరికీ భద్రమైన జీతాలే. అయినా గ్రేడు కిందికి దిగేకొద్దీ గుండెజబ్బుతో చనిపోవడం ఎక్కువైంది. పొగతాగడం, రక్తపోటు లాంటివి లెక్కకట్టి తీసేసినా ఆ తేడా పూర్తిగా పోలేదు. రెండో అధ్యయనంలో, తన పని మీద తనకి నిర్ణయం తక్కువ ఉన్నవాళ్లకి ఆ ముప్పు ఎక్కువని తేలింది. మీ గైడు "పనిలో స్వేచ్ఛ అన్నది మేనేజర్లకి సంబంధించిన విషయం" అంటే ఇది చూపించండి.

మా పక్కింటి అమ్మాయి వార్డు సచివాలయంలో చేస్తుంది, బీటెక్. 2019 అక్టోబరులో 15 వేల రూపాయల జీతంతో చేరినవాళ్లలో ఒకతె. రెండేళ్ల ప్రొబేషన్ అన్నారు, పూర్తి స్కేలు 2022 జూలై నుంచి గానీ రాలేదు. ఆ ఆలస్యం గురించి ఇప్పుడు మాట్లాడదు, అయిపోయింది కదా. మాట్లాడేది వేరే. "పని కష్టం కాదాంటీ. ఇవాళ నా పని ఏమిటో పొద్దున్న వాట్సాప్ చూస్తే గాని తెలీదు" అంటుంది. నిన్న సర్వే, ఇవాళ ఫొటోలు, రేపు ఇంకొకటి. ఏ ఒక్కటీ చివరిదాకా తన చేతిలో ఉండదు. పోయిన ఏడాది తన వీధిలో ఒక కాలువ కల్వర్టు సంగతి మాత్రం ఫోటో దగ్గర్నించి పని పూర్తయ్యేదాకా తనే చూసింది. ఆ కల్వర్టుని నాకు రెండుసార్లు తీసుకెళ్లి చూపించింది, మనమేదో అరకు చూపిస్తామే, అలా.

భద్రత గురించి రెండు మాటలు. మీ టేబుల్లో అది బాగా వచ్చిందన్నారు. అది గాలి లాంటిది, ఉన్నంతకాలం ఎవరూ లెక్కపెట్టరు. ఈ ఊరు సంస్థలు చేతులు మారడం చూసింది. హిందుస్తాన్ జింక్ 2002లో ప్రైవేటు చేతికి వెళ్లింది, 2012లో ఇక్కడి స్మెల్టరు మూతపడింది. బీహెచ్‌పీవీ 2013లో భెల్‌లో కలిసింది. డ్రెడ్జింగ్ కార్పొరేషన్ 2019లో నాలుగు ఓడరేవుల చేతికి వచ్చింది. 2021 జనవరి 27న ఉక్కు కర్మాగారంలో నూరు శాతం వాటా అమ్మకానికి కేంద్ర మంత్రివర్గ సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకుందన్న వార్త వచ్చాక, కూర్మన్నపాలెం నిరసన శిబిరంలో కూర్చున్నవాళ్లలో రేపో మాపో రిటైరయ్యేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల ఉద్యోగానికి ముప్పేమీ లేదు. కొట్లాడి తెచ్చుకున్న ఫ్యాక్టరీలో చేశాం అన్న మాట పోతుందని కూర్చున్నారు. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. ఆ వార్తకి ముందు నింపిన ఫారానికీ తరవాత నింపిన ఫారానికీ పోలిక ఉండదు. మీ ఫారాల మీద తేదీ వేయించారా?

మిగతావి త్వరగా చెప్పేస్తాను. క్యాంటీన్, క్వార్టర్సు, కంపెనీ బస్సు లాంటివి బాగుంటే ఎవరూ మాట్లాడరు, బాగోకపోతే యూనియన్ ఎన్నికల్లో మాట్లాడతారు. ఆడవాళ్ల విషయంలో మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఫీల్డు ఆఫీసుల్లో శుభ్రమైన మరుగుదొడ్డి ఉందా లేదా అన్నది ఏ ప్రశ్నపత్రంలోనూ ఉండదు, పొద్దున్నించి నీళ్లు తాగకుండా పనిచేసే మనిషికి అంతకంటే పెద్ద ప్రశ్న లేదు. బదిలీల్లో భార్యాభర్తలు ఒకచోట ఉండటం, పాడేరు ఘాట్ ఎక్కి వెళ్లినవాళ్లకి ఎన్నేళ్లకి దిగొచ్చో ముందే తెలియడం, ఇవీ మొదట చెప్పిన లెక్కలోకే వస్తాయి. ఏజెన్సీలో పనిచేయడానికి ఏడ్చినవాళ్లని తక్కువమందిని చూశాను. ఎప్పుడు తిరిగి వస్తామో తెలియక ఏడ్చినవాళ్లు ఎక్కువ.

ఇప్పుడు మీ ప్రాజెక్టు. ఉన్న 120 ఫారాల్నీ పారేయకండి. పర్మనెంటు, కాంట్రాక్టు, చేరిన తేదీ ప్రకారం విడదీసి మళ్లీ లెక్కకట్టండి, మధ్య గడి రెండుగా చీలిపోవచ్చు. అన్ని ప్రశ్నలకీ ఒకే గడిలో టిక్కున్న ఫారాల్ని ఎన్ని తీసేశారో రాసి మరీ తీసేయండి. గైడు దానికేమీ అనరు, మెచ్చుకుంటారు. తరవాత ఓ ఇరవై మందితో విడిగా మాట్లాడండి, సెక్షన్ ఇన్‌ఛార్జి ద్వారా మాత్రం వద్దు. పారిశ్రామిక ప్రాంతంలో ఏ గేటు దగ్గరైనా మధ్యాహ్నం రెండింటికి పొద్దుటి షిఫ్టు దిగుతుంది. ఎదురుగా టీ కొట్టు ఉంటుంది. ఇల్లు దగ్గరున్నవాళ్లు వెళ్లిపోతారు, బస్సు కోసం ఆగేవాళ్లు పావుగంట నిలబడతారు. ఫారం బ్యాగులోంచి తీయకండి. కాగితం చూస్తే జవాబులు మారిపోతాయి. "ఉద్యోగం తృప్తిగా ఉందా" అని అడగకండి, ఉందనే అంటారు. ఈ ఉద్యోగం మీ అబ్బాయి చేస్తానంటే చేరమంటారా అని అడగండి. కాసేపయ్యాక, మీరు ఆఫీసులో చివరిసారి ఇచ్చిన అర్జీ ఏమిటి, అది ఏమైంది అని అడగండి. కొందరు రెండు ముక్కల్లో తేల్చేస్తారు. కొందరు బస్సు వదిలేసుకుని ఇంకో టీ చెప్తారు, ఆ రెండో టీ డబ్బులు మీరిచ్చేయండి.